నానా గారు నేల తాకిన వేళ

ఆ పొద్దున దుఫియే వేసుకున్న పథకం చిన్నది. మధ్యాహ్నం వేరుశనగ పులుసుతో ఫుఫూ తినేలోపు ఒక రాజుని గద్దె దించాలి. ఆవిడ తీస్తున్నది డాక్యుడ్రామా. అందులో చరిత్రను నటులు ఆడతారు, మధ్యమధ్య పండితులు అడ్డం పడతారు. కుమాసీ దగ్గరి అసేన్సో ఊళ్లో పాత రాజు పదవి పోయిన ఘట్టం ఇవాళ తీయాలి.

పండితుడు డాక్టర్ ఒపొకు తెల్లారినప్పట్నుంచీ అడ్డం పడుతూనే ఉన్నాడు. కిరీటం ఆ కాలంది కాదన్నాడు. సిమెంటు ముంగిట్లో ఎర్రరంగేసిన రబ్బరు చాప పరిచి మన్ను అనిపించడమేమిటన్నాడు. "చూసేవాళ్లకి ఏది నిజమో ఏది రంగో ఎలా తెలుస్తుంది మేడమ్?"

"మీ పుస్తకం అల్మరాలో నిద్రపోతోంది డాక్టరుగారూ. ఇది చూసిన పిల్లలు ఇంటికెళ్లి తాతల్ని నిద్రపోనివ్వరు," అంది దుఫియే.

ఇంతలో రాజు వేషగాడి లారీ దారిలో చెడిందని కబురొచ్చింది. ఊరి అసలు రాజు నానా అట్టా జ్యాసి ఉత్సాహంగా ముందుకొచ్చి, తన ముత్తాత వేషం తానే కడతానన్నాడు. అక్కడే నానా యాతన మొదలైంది.

అక్కడ రాజుని దించాలంటే పెద్దలు చెప్పులు లాగేసి పాదాన్ని నేలకి తాకిస్తారు. చెప్పు పోయిన రాజుకి చెప్పడానికేమీ మిగలదు. అందుకని చెప్పు లాగగానే కట్ చెప్పి, నేల తాకే పాదం మాత్రం షూటింగు వ్యాను డ్రైవరుది తీద్దామని ఒప్పందం. ముఖం ఒకరిది, పాదం ఒకరిది ఏమిటని డాక్టరు దానికీ గొణిగాడు.

ఒక్కటి మరిచారు. రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడరు. ఏ మాటైనా ఆయన పక్కనే బంగారు పిడి కర్ర పట్టుకుని నిలబడే కొలువు ప్రతినిధి అద్దాయ్ నోటిగుండానే వెళ్లాలి. చెప్పు లాగారు. దుఫియే "కట్" అంది. అద్దాయ్ గొంతు సవరించుకుని, "ఏనుగులకి ఏనుగువంటి ప్రభువా, యుద్ధంలో వెనుదిరగని వంశపు..." అని బిరుదులు మొదలుపెట్టాడు. ఆయన కట్ దగ్గరికి చేరేలోపు, పాత్రలో మునిగిన నానా కళ్లనీళ్లతో పాదం కింద మోపేశాడు.

డప్పులు ఆగాయి. అద్దాయ్ కర్ర జారింది. షూటింగు ఇంకా నడుస్తోందనుకుని కూలికొచ్చిన జనం "దిగిపోయాడు" అని అరిచి ఈలలేశారు. ఆ కేక ఫోనుల్లో ఊరంతా పాకింది. నానా మేనల్లుడు యెబొవా రాజులు కట్టే కెంతే బట్ట కొత్తది చుట్టుకుని, పరామర్శకే వచ్చానంటూ గద్దె కొలతలు చూడసాగాడు. కొత్త రాజుని ఎంచే హక్కున్న రాణీతల్లి కూడా వచ్చింది.

మోపిన పాదం మళ్లీ పైకెత్తి ఒంటికాలిమీద నిలబడ్డ నానా ముఖం పాలిపోయింది. "ముప్ఫై ఏళ్లు ఏలాను తల్లీ. ఒక్క ఏడుపుతో పోయిందా?"

రాణీతల్లి తన చేతికర్రతో చాప అంచు ఎత్తి చూసి, డాక్టరుని పిలిచింది. "చదువుకున్నవాడివి. నిజం చెప్పు నాయనా. ఇది నేలేనా?"

అందరూ ఆయన వంకే చూశారు. ఆయన దుఫియే వంక చూసి నిట్టూర్చాడు.

"కాదమ్మా. పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నది అదే."

చెప్పు తిరిగి తొడిగారు. యెబొవా భోజనానికి ఆగకుండానే వెళ్లిపోయాడు. ఫుఫూ ముద్ద చేతిలోకి తీసుకుంటూ డాక్టరు తన అభ్యంతరాల్లోంచి చాప ఒక్కదాన్ని కొట్టేశాడు.

ఆ చిత్రంలోని ఒకానొక అబద్ధం మీద అసేన్సో రాజుగారు నేటికీ నిలబడి ఉన్నారు.