చిలుకల మూత కంప్యూటరు

గోదావరి ఒడ్డున ఒక మండలాఫీసులో ఇకమీదట ఏ కాగితమూ చేత్తో రాయరాదని 1995లో ఉత్తర్వు వెలువడింది. కంప్యూటరు వచ్చింది కదా! ప్రింటరు మాత్రం ఇంకా దానితో కలవలేదు. అదేమంత విషయం కాదు.

పోశవ్వకు కావలసింది ఒక్క నివాస పత్రం. శనివారంలోగా చూపకపోతే కరీంనగర్‌లో బిడ్డ సమ్మక్క నర్సు సీటు పోతుంది. సోమవారమే వచ్చి వరండాలో కూర్చుంది.

"జర ఓపిక పట్టు పోశవ్వా, డబ్బా మాట ఇంటలేదు" అన్నాడు గుమాస్తా సాంబయ్య.

ప్రింటరును నడిపే కార్డు పొడుగు, కంప్యూటరు పెట్టెలో దాని గాడి పొట్టి. మెకానిక్ కొండల్ నడుమ ఒక అడాప్టరు పెట్టాడు. కార్డు కుదిరింది కానీ బెత్తెడు పైకి లేచింది, మూత పడలేదు. మూతలేని ప్రభుత్వ పెట్టెను నడపరాదని మండలాధికారి శ్రీధర్‌రావు నిబంధన చూపారు. నిర్మల్ నుంచి బొమ్మల కళాకారుణ్ణి పిలిపించి ఎత్తైన కొయ్యమూత చేయించారు. దానిమీద రెండు చిలుకలు. వాటి ముక్కుల ఎరుపుపై అరపూట చర్చ జరిగింది.

గురువారం తెర వెలిగింది, ప్రింటరు కదలలేదు. పెట్టెలో ముందునుంచీ ఉన్న పాత కార్డూ, ప్రింటరు కోసం పెట్టిన కొత్త కార్డూ ఒకే నంబరు కోరుతున్నాయట.

"ఒకదాని నంబరు మారిస్తే అయిపాయె సార్. గీ చిన్న పిన్ను జరుపుడే" అన్నాడు కొండల్.

"సీనియారిటీ తేలకుండ ఎట్ల జరుపుతవయ్యా?" అన్నారు శ్రీధర్‌రావు.

రెండు కార్డులకూ మెమోలు జారీ అయ్యాయి. అవి సంజాయిషీ ఇవ్వలేదు. ధిక్కారంగా నమోదు చేశారు.

మర్నాడు జిల్లా నుంచి తనిఖీ. కంప్యూటరు సలక్షణంగా పనిచేస్తున్నదని సాంబయ్య గుండ్రటి అక్షరాలతో ధ్రువపత్రం రాశాడు. పోశవ్వ లేచింది.

"సాంబన్నా, డబ్బా మంచిగున్నదని చేత్తోనే రాస్తివి. మేం గీ ఊరోళ్లమని రాయనీకి గా చెయ్యికి ఏం రోగమొచ్చింది?"

వరండా అంతా నవ్వింది. శ్రీధర్‌రావు దీర్ఘంగా ఆలోచించి, పత్రం రాసివ్వమన్నారు. కింద 'కంప్యూటరు ద్వారా జారీ' అని కూడా చేత్తోనే రాయించి సంతకం చేశారు. ఉత్తర్వు గౌరవం నిలిచింది.

శనివారం కరీంనగర్‌లో ప్రవేశాలు చూసే లీలాబాయి, చేతిరాత పత్రాలు చెల్లవని అప్పటికే ఆరుగురిని పక్కన నిలబెట్టింది. సమ్మక్క కాగితం చేతికి రాగానే లీలాబాయి చివరి వరుస చదివి కళ్లకద్దుకుంది.

"చూడుండ్రి, మిషిన్ రాతంటే గిది! మనిషి చెయ్యికి గింత గుండ్రంగ వస్తదా?"

ఆరుగురి తల్లిదండ్రులూ ఆ కాగితాన్ని చూసి తలలూపారు. తర్వాత పోశవ్వ చుట్టూ చేరి, ఆ కంప్యూటరున్న ఆమె ఊళ్లో అద్దెకు ఇల్లు దొరుకుతుందా అని అడిగారు.