ముగ్గురు బాగుచేసిన ఇల్లు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా ముందుగదికి రంగు వేసి, అది ఆరేలోగా మెట్ల మీద ఒక కునుకు తీసి, సాయంత్రం భార్యను తీసుకొచ్చి "ఇదిగో మన ఇల్లు" అనడం. ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కి కూడబెట్టిందంతా ఆ ఇంట్లోనే పోశాడు.

అమ్మినవాడిది గళ్ళచొక్కా. మనిషి కంటే ముందు చొక్కాయే దర్జీకి నచ్చింది. జేబు దగ్గర గళ్ళు గీత తప్పకుండా కలిశాయి. "గళ్ళు కలిపి కుట్టించుకునేవాడు తప్పుడు పని చెయ్యడే," అన్నాడు భార్యతో. "అది కుట్టినవాడి గొప్ప కదండీ, తొడుక్కున్నవాడికేం?" అందావిడ. అప్పటికే కాగితాలు చేతులు మారిపోయాయి.

రంగు డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి ఆ ఇంటికి ఎవరో కొత్త ఇనపగేటు బిగిస్తున్నారు. పక్కన కారు నడపడం నేర్పే మాస్టారు నిలబడి ఉన్నాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు మాస్టారు.

"ఎవరూ అక్కర్లేదు. నా ఇంటికి నేనొచ్చాను."

"నేనూ నా ఇంటి ముందే నిలబడ్డాను."

ఇద్దరూ కాగితాలు తీశారు. ఇల్లు అదే, అమ్మినవాడూ వాడే. ఫోను చేస్తే పలకలేదు. అయినా మాస్టారు తొణకలేదు. "ప్లీడరు గుమాస్తాని అడిగాను. ఎవరు బాగుచేయిస్తే వాళ్ళ మాటకే బలమట. గేటు నాది, ఇల్లూ నాదే," అన్నాడు.

ఆ మాట దర్జీకి బాగా ఎక్కింది. ఒక్క గదికనుకున్న రంగు ఇల్లంతా వేశాడు. మాస్టారు నీళ్ళ మోటారు పెట్టించాడు. దర్జీ కిటికీలకు కొత్త రెక్కలు చేయించాడు. ఇంట్లో మాత్రం "ఇంకా తడి ఆరలేదే" అని రోజూ దాటవేస్తూ వచ్చాడు.

"ఏం రంగండీ అది, వారమైనా ఆరదు?" అంది భార్య.

అంతలో బ్యాంకాయన దిగాడు. గళ్ళచొక్కా ఆ ఇంటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకుని, కట్టడం మానేశాడట. "మనిషి ఎలా ఉంటాడో చెప్పండి, పోలీసులకివ్వాలి," అన్నాడు.

"ఛాతీ నలభై. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది," అన్నాడు దర్జీ.

"ముఖం చెప్పండి."

"ముఖానికి మేం కొలత తియ్యమండీ."

బ్యాంకాయన తలెత్తి చూస్తే పైకప్పు కారుతోంది. తాకట్టు ఆస్తి పాడైతే పై అధికారి తనని నమిలేస్తాడని దానికి గచ్చు వేయించాడు. పని ముగిసిన రోజు ముగ్గురూ వరండాలో వాదనకు దిగారు.

"ముందు తాకట్టు మాది. మునిగేది మీరిద్దరే," అన్నాడు బ్యాంకాయన.

"చూసుకోకుండా అప్పిచ్చింది మీరు. మునగాల్సింది మీరే," అన్నాడు దర్జీ.

"గేటు నాదండీ," అన్నాడు మాస్టారు.

ఆ గేటు తోసుకుని ఒక పెద్దావిడ పెట్టెతో లోపలికొచ్చింది. చుట్టూ కలయజూసి, "నా ఇంటికి ఇంత సోకు చేసిందెవరయ్యా?" అంది.

మోకాలికి వైద్యం కోసం చెల్లెలి ఊరు వెళుతూ ఆవిడ ఇంటిని గళ్ళచొక్కాకు అద్దెకిచ్చి వెళ్ళింది. అంతే.

"అద్దెకేంటమ్మా, వాడికి అమ్మేశారుగా," అని బ్యాంకాయన కాగితం తీశాడు. "ఇదిగో, ముత్యాల్లాంటి మీ సంతకం."

"నాది వేలిముద్ర నాయనా. సంతకం వస్తే నేనూ ఎంచక్కా పెట్టేదాన్ని."

బ్యాంకాయన కాగితం మడిచి, మెట్టు మీద కూలబడ్డాడు. "దొంగ సంతకంతో ఇల్లు చేతులు మారదండీ. వాడిది కానిది మీకెలా అమ్ముతాడు, మాకెలా తాకట్టు పెడతాడు? ఇల్లు ఈవిడదే."

"మరి నష్టం?" అన్నాడు దర్జీ.

"వాడు దొరికేదాకా ముగ్గురిదీ."

ఆ ఒక్క విషయంలో ముగ్గురికీ భేదాభిప్రాయం రాలేదు.

సరిగ్గా అప్పుడే, రంగు ఆరిందో లేదో తానే చూసుకుందామని దర్జీ భార్య వచ్చింది. వేలితో గోడ తడిమింది. మొగుడి ముఖం చూసింది. దర్జీ జరిగిందంతా తలెత్తకుండా చెప్పాడు. ఆవిడ చొక్కా మాట ఎత్తలేదు. దర్జీకి అందుకే ఎక్కువ భయమేసింది.

ఆవిడ పెద్దావిడ వైపు తిరిగింది. "పాత ఇల్లు ఖాళీ చేస్తామని మాటిచ్చేశాం పిన్నిగారూ. ఇది మాకు అద్దెకిస్తారా? వాడిచ్చిన అద్దే ఇస్తాం."

పెద్దావిడ గేటు ఊపి చూసింది, మోటారు వేసి చూసింది, కిటికీ రెక్కలు తెరిచి మూసింది. "ఆ అద్దె అప్పటి ఇంటికి తల్లీ. ఇంత నీటైన ఇల్లు ఆ లెక్కన ఎలా వస్తుంది?"

దర్జీ తన చేత్తో రంగు వేసిన గోడల వంక ఓసారి చూసుకున్నాడు. ఆవిడ అడిగింది న్యాయంగానే ఉందనిపించింది.