ఎర్రగీత లేని ఆసుపత్రి

పెద్దాసుపత్రిలో గత నూట పన్నెండు రోజులుగా కంప్యూటర్లలో ఒక్క తప్పు కూడా జరగలేదని ప్రజలకు తెలియజేయడమైనది. ఈ ప్రకటనను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించి, గుమ్మం పక్కన రోగులు ఆనుకునే గోడకు కొట్టారు. కింద సూపరింటెండెంటుగారి సంతకం ఉంది. ఈ ఘనత మాత్రం చీటీల తాతదని లోపలివాళ్లందరికీ తెలుసు. తాతకు మరీ బాగా తెలుసు. రోజూ డ్యూటీకి వస్తూ ఆ బోర్డు ముందు ఆగి, కూడబలుక్కుని చదువుకుని మరీ లోపలికి వెళ్లేవాడు. చదివింది మూడో తరగతి కనుక సంతకం దాకా వచ్చేసరికి డ్యూటీకి ఆలస్యమయ్యేది.

ముప్పైనాలుగేళ్లు ల్యాబు నుంచి డాక్టర్ల దగ్గరికి రక్తపరీక్ష చీటీలు మోసినందుకు వచ్చిన పేరు అది. మాటలు తక్కువ మనిషి. చీటీ డాక్టరు చేతిలో పెట్టి, ఆయన చదివేదాకా స్తంభంలా నిలబడేవాడు. విసుగుపుట్టి అయినా చదివేవారు. తరవాత కంప్యూటర్లు వచ్చాయి. ల్యాబులో మిషను రక్తం చూసి ఫలితాన్ని సందేశంగా పంపుతుంది. మధ్యగదిలో ఉన్న కంప్యూటరు ఆ సందేశాన్ని సరిచూసి డాక్టర్ల కంప్యూటర్లకు దాటిస్తుంది. సందేశం పద్ధతిగా లేకపోతే తెర మీద ఎర్రగీత పడుతుంది. తాత కాళ్లు అరిగిపోయాయని జాలిపడి, ఆ మధ్యగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎర్రగీత పడితే ఇంజినీరుకు ఫోను చెయ్యాలి. అదే ఉద్యోగం.

ఎర్రగీతలు రోజుకు ఇరవై పడేవి. తాత ఇరవైసార్లు ఫోను చేసేవాడు. ఇంజినీరు పదిసార్లు ఎత్తేవాడు. రెండిటిని బాగుచేసేవాడు. ఇలా ఉండగా సూపరింటెండెంటుగారు మీటింగు పెట్టి గంటంపావు మాట్లాడారు.

"మన సంస్థ ప్రగతిపథంలో దూసుకుపోతున్న ఈ శుభ తరుణంలో ఎర్రగీతలు మనకు తగవు. నెలాఖరుకల్లా సున్నా కనిపించాలి. ఎలా కనిపిస్తుందన్నది మీ చిత్తశుద్ధికే వదిలేస్తున్నాను."

అందరూ చిత్తశుద్ధితో తలలు దించుకున్నారు. అప్పుడు తాత, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, మీటింగులో నోరు విప్పాడు.

"ఎర్రగా వచ్చేవాటిని కంటికి కనపడకుండా ఓ పక్కన పెడితేనో?"

ఇది ఆయనకు కొత్తగా తట్టిన ఆలోచన కాదు. ఇంట్లో భార్య మాటల విషయంలో ఎన్నో ఏళ్లుగా అమలు చేస్తున్నదే. ఆవిడ మాట్లాడుతూ ఉంటుంది, ఈయన "ఊఁ" అంటూ ఉంటాడు. చెవిలో పడ్డది లోపలికి వెళ్లకుండా ఎక్కడో ఓ మూల చేరుతుంది. కాపురం సాఫీగా సాగుతోంది. ఇల్లు నడిచిన పద్ధతిలో ఆసుపత్రి నడవదా?

ఇంజినీరు ఎగిరి గంతేశాడు. దీన్నే ఫిల్టరు అంటారనీ, పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లకు తట్టనిది తాతకు తట్టిందనీ మెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కంప్యూటరులో ఒక పెట్టె తయారైంది. దానికి "తరవాత చూద్దాం" అని పేరు పెట్టాడు. పద్ధతిగా లేని సందేశం ఇక ఎర్రగీత గీయదు, నోరెత్తకుండా పెట్టెలో పడుతుంది. మర్నాటి నుంచి సున్నా. తాతకు అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. తాత దాన్ని ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి మనవి చేయాలి. ల్యాబు మిషను చక్కెరను ఆరువందల దాకానే కొలవగలదు. అంతకు మించితే అంకె బదులు "ఆరువందలకు పైన" అని గుర్తు పెట్టి పంపుతుంది. డాక్టర్ల కంప్యూటరుకు అంకె తప్ప గుర్తులు గిట్టవు. కాబట్టి మామూలు రక్తం సందేశాలు మర్యాదగా గమ్యం చేరేవి. బాగా జబ్బుపడ్డవాళ్లవి మాత్రం పద్ధతి తప్పి పెట్టెలో పడేవి. నెల తిరిగేసరికి ఊరి ఆరోగ్యం అమాంతం మెరుగుపడినట్టు లెక్కలు చూపించాయి. ఈ అభివృద్ధిని చూడ్డానికి వేరే ఊళ్ల నుంచి బృందాలు వచ్చాయి. వేలు పొడిచి చక్కెర చూసే చిన్న మిషన్లు ఒకటి రెండు చోట్ల ఎక్కువ చూపిస్తుంటే, ఒకే ఆసుపత్రిలో రెండు నిజాలు ఉండటం క్రమశిక్షణ కాదని, వాటిని గోడౌనులో పెట్టి తాళం వేశారు.

ఇలా అంతా క్షేమంగా ఉన్న రోజుల్లో తాత భార్యకు దాహం పట్టుకుంది.

"ఏమయ్యా, బిందె తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది."

"ఊఁ."

"కళ్లు మసకబారుతున్నాయయ్యా. నువ్వు ఇద్దరిలా కనపడుతున్నావు. ఒకడైనా పలుకుతాడేమో అనుకుంటే ఇద్దరూ మూగాళ్లే!"

"ఊఁ."

ఈ మాటలు కూడా చేరవలసిన మూల చేరాయి. చివరికి ఆవిడే ఆసుపత్రికి వెళ్లి సోమవారం నాడు రక్తం ఇచ్చింది. ఏదైనా తేడా ఉంటే ఫోను వస్తుందన్నారు. రాలేదు. బుధవారం మళ్లీ వెళితే డాక్టరు తెర చూసి, "నీ పేరు మీద ఏమీ రాలేదమ్మా. ఏమీ రాలేదంటే ఏమీ లేనట్టే. వయసు. నీరసం. హాయిగా ఉండు" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఇంట్లో అలికిడి లేదు. ఆవిడ మంచం మీద పడుకుని ఉంది, మాట్లాడటం లేదు. సంసారం మొదలయ్యాక ఇంత నిశ్శబ్దం తాత ఎరగడు. నిజం చెప్పాలంటే మొదటి అరగంట ఆయనకు హాయిగానే ఉంది. మంచినీళ్లు కావాలా అని అడిగితే ఆవిడ తిట్టలేదు. అప్పుడు భయం వేసింది. లేపి కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయింది.

ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చి, సిస్టరమ్మ దగ్గర బల్ల మీద పడుకోబెట్టాడు. డాక్టరు మళ్లీ తెర చూశాడు. తెర మళ్లీ ఖాళీ. తాత ఆవిడ ఓపీ కాగితం చేతబట్టుకుని మధ్యగదికి పరిగెత్తాడు. కాళ్లు అరిగిన సంగతి ఆ పూట గుర్తు రాలేదు. పెట్టె తెరిచాడు. అందులో రెండువేల మూడువందల పదహారు సందేశాలున్నాయి. వేలు పెట్టి ఒక్కో నంబరూ కూడబలుక్కుంటూ దిగాడు. అక్షరాలు అంతగా రాకపోయినా చీటీలు మోసిన మనిషికి అంకెలు మోసం చేయవు. సోమవారం దగ్గర ఆవిడ నంబరు ఉంది. పక్కన, ఆరువందలకు పైన.

ఇంజినీరును పట్టుకున్నాడు.

"ఆ గుర్తు తీసేసి పంపు బాబూ."

"అమ్మో! సందేశాన్ని మార్చకూడదు తాతా, నేరం."

"మరి పారేశావు కదా?"

"పారేస్తే ఫిల్టరింగు. మారిస్తే నేరం. ఫిల్టరు తియ్యాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. మొన్ననే లేచింది."

తాత ఒక చీటీ మీద ఆ అంకె రాసి, తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టి స్తంభంలా నిలబడ్డాడు.

"చూడు పెద్దాయనా, చేతి చీటీలు ఇప్పుడు చెల్లవు. కంప్యూటరులో రావాలి."

తాత కదల్లేదు. డాక్టరు కుర్చీ తిప్పుకున్నాడు. తాత అటు వైపు వెళ్లి నిలబడ్డాడు.

"కంప్యూటరులోనే వచ్చిందయ్యా. రాకుండా చేసింది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మెచ్చుకుని పత్రం కూడా ఇచ్చారు, గోడకు ఉంది. ఆ గోడ కిందే ఈవిడ దాహం దాహమంటుంటే ఊఁ కొట్టాను. నన్ను తరవాత తిట్టండి. ముందు ఈవిడను చూడండి."

ఇన్ని మాటలు ఒక్కసారిగా వాడేసినందుకు తాతకు ఆయాసం వచ్చింది. సిస్టరమ్మ వచ్చి చీటీ లాక్కుని చూసింది.

"ఇరవై ఏళ్లు ఈయన తెచ్చిన చీటీలు చూసే సూదులు వేశాం సార్. అప్పుడు బతికినవాళ్లంతా అబద్ధమా?" అని, ఎవరి జవాబు కోసమూ ఆగకుండా సెలైను ఎక్కించి, ఇన్సులిను సూది చేతికి తీసుకుంది. ఇక కాదంటే బాగుండదని డాక్టరు మోతాదు చెప్పాడు.

మర్నాడు సాయంత్రానికి ఆవిడ కళ్లు తెరిచి, తాతను తేరిపార చూసి, "ఒక్కడే కనపడుతున్నావు. నయమైనట్టుంది" అంది.

ఆ తరవాత తాతకు సంజాయిషీ నోటీసు వచ్చింది. చేతితో మోసిన సందేశం వ్యవస్థ పరిధిలోకి రాదు కనుక, దాన్ని ఒక తప్పు కింద లెక్కించనక్కరలేదనీ, సున్నా యథాతథంగా కొనసాగుతుందనీ అందులోనే ఓదార్పు కూడా ఉంది. అయితే సిస్టరమ్మ ఊరుకునే రకం కాదు. పెట్టె సంగతి ఊరంతా తెలిసింది. జనం ఎగబడతారని సూపరింటెండెంటుగారు హడలిపోయి, ఆవరణలో ఒక కౌంటరు తెరిపించారు. "మీ రిపోర్టు అందలేదా? ఇక్కడ విచారించండి" అని బోర్డు పెట్టి, వరసగా నిలబడటానికి తాళ్లు కట్టించి, తోపులాట జరిగితే ఆపడానికి ఇద్దరు కాపలావాళ్లను నిలబెట్టారు. రెండువేల పైచిలుకు పేర్లూ నంబర్లూ ఉన్న జాబితా పట్టుకుని తాత అక్కడ కూర్చున్నాడు.

మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజూ రాలేదు. అటుగా పోయేవాళ్లు బోర్డు చదివి, "పాపం, ఎవరివో!" అని జాలిపడి వెళ్లిపోయారు. తమకు ఫోను రాలేదు కనుక తాము బాగున్నారు. పెట్టెలో ఉన్నవాళ్లు వేరే ఎవరో. తాత పేర్లు పెట్టి పిలిస్తే అడుగు వేగం పెంచారు. మూడోరోజు ఇస్త్రీ చొక్కా మనిషి ఒకాయన వచ్చాడు. తాతకు ప్రాణం లేచివచ్చి, జాబితా అంతా గాలించాడు.

"మీది ఇందులో లేదండీ. సరిగ్గానే డాక్టరు దగ్గరికి వెళ్లింది."

"అది తెలుసు. చక్కెర ఉందన్నారు," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఇప్పుడు ఇందులో వేయించడానికి వీలుంటుందేమో కనుక్కుందామనీ."

కాపలావాళ్లు తాళ్లు విప్పుకుని వెళ్లిపోయారు.

ఇంటావిడ లేచి తిరుగుతోంది. "నీదీ చూపించుకోవయ్యా" అని వెంటపడి, తాత చేత కూడా రక్తం ఇప్పించింది. ఇచ్చి పన్నెండు రోజులైంది. ఫోను రాలేదు. జాబితా ఆయన దగ్గరే ఉంది, కొత్త నంబర్లు రోజూ కింద చేరుతూనే ఉన్నాయి. ఒక రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడు. ఒక రోజు వెలుతురు చాల్లేదు. ఇంకొక రోజు చివరి కాగితం దాకా వచ్చి, భోజనం వేళయిందని మడిచిపెట్టాడు. ఇంతమంది క్షేమంగా తిరుగుతున్న ఊళ్లో తనొక్కడూ తొందరపడితే బాగుండదని, ప్రస్తుతానికి ఊరుకున్నాడు.