వద్దన్నకొద్దీ అటార్నీ జనరల్

ఏప్రిల్ చివరి శనివారం పొద్దున్న ఆర్విల్ ట్వీటెన్‌కు ఉన్న పని ఒక్కటే. సరస్సు మీద మంచు కరిగిపోయింది కాబట్టి, చలికాలం ముందు విప్పి ఒడ్డున పేర్చిన పడవరేవు చెక్కలను మళ్లీ నీళ్లలో బిగించాలి. ముప్పై ఏళ్లు కౌంటీ ప్రాసిక్యూటర్‌గా చేసిన మనిషి, డిసెంబరుతో దిగిపోతున్నాడు. ఆ తరువాత తను, భార్య ఆర్డిస్, ఈ సరస్సు, ఒడ్డున చిన్న ఇల్లు, నీళ్లలో చేపలు. ఊళ్లో ఇల్లు అమ్మకానికి పెట్టేశారు కూడా. "ఇన్నేళ్లూ నీ కేసులతో కాపురం చేశాను. ఇకనైనా నీతో చేస్తాను," అని ఆర్డిస్ అన్నప్పుడు అతనికి కళ్లు చెమర్చాయి.

రబ్బరు బూట్లు తొడుక్కుంటుండగా వెర్నా స్కోగ్‌స్టాడ్ కారు వచ్చి ఆగింది. ఎనభై ఏళ్ల వెర్నా కౌంటీలో పార్టీ అధ్యక్షురాలు. అంతకంటే ముఖ్యంగా, ఆర్విల్‌కు మూడో తరగతి టీచరు. చేతిలో ఖర్జూరం కేకు ముక్కల డబ్బా ఉంది. ఆర్డిస్ కాఫీ తెస్తే వద్దంది. మళ్లీ అడిగితే ఇప్పుడే తాగానంది. మూడోసారి అడిగితే అరకప్పు చాలంటూ నిండు కప్పు అందుకుంది. మా మిన్నెసోటా వైపు అంతే. మొదటి మాటకే చెయ్యి చాపినవాణ్ణి ఎవరి పెంపకమో అన్నట్టు చూస్తాం.

కాఫీ సగమయ్యాక ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది. పదహారేళ్లుగా రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద లాయరుగా, అంటే అటార్నీ జనరల్‌గా ఉన్నాయన ఈసారి పోటీ చేయనన్నాడు. కుర్చీ ఖాళీ. పార్టీ టికెట్టు కోసం సెనేటర్ డాల్‌గ్రెన్, కొరిన్ ఫాఫ్ అనే లాయరమ్మ ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారు. పార్టీ రాష్ట్ర మహాసభలో ఆర్విల్ పేరు కూడా పెడితే బాగుంటుందని ఆవిడ ఉద్దేశం.

"నాకంత తాహతు లేదు టీచర్ గారూ," అన్నాడు ఆర్విల్. మనసులో ఉన్నదే అన్నాడు.

"అలాగే అంటావని తెలుసురా అబ్బాయ్," అని వెర్నా మళ్లీ అడిగింది. నాకంటే సమర్థులు బోలెడుమంది ఉన్నారన్నాడు. మూడోసారి అడిగేసరికి అతని నోటినిండా కేకు ఉంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని మూడో తరగతిలో నేర్పింది ఆవిడే. వెర్నా తృప్తిగా తల పంకించి, డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

బుధవారం నాటి పత్రికలో 'బరిలో ట్వీటెన్' అని పడింది. ఆర్విల్ హడావుడిగా సంపాదకుడికి ఉత్తరం రాశాడు. తను ఆ పదవికి తగనని, రాష్ట్రమంతా తిరిగే ఓపిక లేదని, సుప్రీం కోర్టులో వాదించిందే రెండుసార్లని, అందులో ఒకటి ఓడిపోయానని. సంపాదకుడు దాన్ని మొదటి పేజీలో, 'ఇలాంటి మనిషి ఉన్నాడా' అన్న శీర్షికతో వేశాడు. వారం తిరిగేసరికి పక్క కౌంటీల్లో ఇళ్లముందు గడ్డిలో అతని పేరు బోర్డులు మొలిచాయి. ఆర్విల్ ఒకటి పీకుతుంటే ఆ ఇంటావిడ చూసి, ఇంత వినయం ఈ కాలంలో ఎక్కడ ఉందని రెండోది తెచ్చి పాతింది.

ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు కూడా, పెద్ద పదవి వస్తోందిగా, ఇప్పుడు అమ్ముతారా అని మర్యాదగా వెనక్కి తగ్గారు. ఆ రోజు ఆర్డిస్ సరస్సు దగ్గరికి తీసుకెళ్లాలని కట్టిన పెట్టెల్లోంచి రెండు పళ్లేలు తీసి మళ్లీ అలమారలో పెట్టింది.

మే నెలాఖరున మహాసభ. ఓటు వేసే ప్రతినిధులు పన్నెండు వందలమంది, వాళ్లలో కౌంటీ తరఫున ఆర్విల్ కూడా ఒకడు. నూటికి అరవై ఓట్లు వచ్చినవాళ్లకే టికెట్టు. నాలుగు విడతలైనా తేలలేదు. డాల్‌గ్రెన్, కొరిన్ ఇద్దరూ ఈ పదవి నాదంటే నాదని మైకు లాక్కున్నారు. ఆర్విల్ మాత్రం మూడుసార్లు వేదికెక్కి నన్ను వదిలెయ్యమని వేడుకున్నాడు. ఎక్కిన ప్రతిసారీ అతని ఓట్లు పెరిగాయి. నాలుగో విడతకు నూటికి యాభై ఆరు.

తల పట్టుకుని మెట్లమీద కూర్చున్నవాడి పక్కన ఆర్డిస్ వచ్చి కూర్చుంది.

"వద్దంటే మనవాళ్లలో ఎవరు విన్నారు ఆర్విల్? వెళ్లి కావాలని అడుగు."

అతను లేచాడు. వేదికెక్కి, టై సర్దుకున్నాడు.

"ఈ ఉద్యోగం నాకు కావాలి. ఇందుకు నాకంటే గొప్పవాడు ఈ రాష్ట్రంలో లేడు. చిన్నప్పటినుంచీ దీనిమీదే కన్ను. త్వరగా ఇచ్చెయ్యండి."

పన్నెండు వందలమంది ఒకేసారి బూట్ల వైపు చూసుకున్నారు. ఎక్కడో ఎవరో దగ్గారు. వేదిక దిగివస్తుంటే దారిచ్చారు గానీ ఎవరూ చెయ్యి కలపలేదు. సరిగ్గా అప్పుడే కొరిన్ ఫాఫ్, ఇరవై గంటల అరుపులతో గొంతు పోయి, ఇక నావల్ల కాదు, నేను దీనికి తగనేమో అంటూ కోటు తీసుకుని గుమ్మంవైపు నడిచింది. హాలు హాలంతా కరిగిపోయింది. ఐదో విడతలో ఆమెకు నూటికి ఎనభై వచ్చాయి. గుమ్మం దగ్గరే ఆపి భుజాలమీద మోసుకొచ్చారు.

ఇద్దరూ కారెక్కి ఇంటిదారి పట్టారు. కౌంటీ సరిహద్దు దాటగానే ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, కారు పక్కకు ఆపి కళ్లు తుడుచుకునేంత నవ్వు. అంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నాళ్లయిందో అతనికే తెలియదు. మర్నాడు పళ్లేలు మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి.

సోమవారం పత్రికలో చివరి లెక్క వచ్చింది. ట్వీటెన్‌కు రెండు ఓట్లు. ఒకటి తనదేనని వెర్నా ఫోన్ చేసి చెప్పింది. రెండోది ఎవరిదో ఆర్విల్ ఇంతవరకూ ఆర్డిస్‌కు చెప్పలేదు.