మొగిలమ్మ పోసిన పసరు

ఆ శుక్రవారం పొద్దున వెంకట్రాజం హన్మకొండలోని తన బట్టల కొట్టు తెరవలేదు. లేని కామెర్లకు మందు తాగడానికి బయలుదేరాడు.

హసన్‌పర్తి మొగిలమ్మ కామెర్లకు పసరు పోస్తుంది. ఏ ఆకో ఎవరికీ చెప్పదు. పేరు బయటపెడితే మందు గుణం పోతుందని అందరి నమ్మకం. నేలఉసిరి అని కొందరు, గుంటగలగర అని కొందరు కొట్టు ముందు వాదించుకుంటుంటే వెంకట్రాజానికి నిద్ర పట్టేది కాదు. పక్కింట్లో ఏం కూర వండారో తెలియకపోతే అన్నం సహించని మనిషి మరి. రోగిగా పోయి, రుచి చూసి కనిపెడదామనుకున్నాడు. కళ్ళు పచ్చబడ్డాయని భార్య కళావతికి చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మొగిలమ్మ ఆయన కంటి రెప్పలు కిందికి గుంజి చూసింది. పెరట్లోకి పోయి ఆకు నూరుకొచ్చి మజ్జిగలో కలిపి ఇచ్చింది. ఒక్క గుక్కలో తెలిసిపోయింది, వేపాకు. ఇంత మామూలు ఆకు కాబట్టే ముసలామె దాస్తోందని మురిసిపోయాడు.

"వారం దినాలు ఉప్పు, పులుపు, నూనె ముట్టొద్దు బిడ్డా," అంది మొగిలమ్మ.

ఆదివారం కేసముద్రంలో వెంకట్రాజం మరదలు సుగుణ పెళ్ళి. అత్తగారింటి గుత్తివంకాయ కోసం ఆయన నెలరోజులుగా ఎదురుచూస్తున్నాడు.

"ఎల్లుండి పెండ్లున్నది గదవ్వా. జర చూడు."

"పెండ్లి నీది కాదు గద."

ఇంటికొచ్చి చప్పిడి గంజి ముందు కూర్చోగానే నిజం ఒప్పుకున్నాడు. "నాకు కామెర్లు లెవ్వే. ఉత్తగనే అన్న."

"రోగమున్నోళ్ళు గట్లనే అంటరు," అని కళావతి ఇంకో గరిటె గంజి పోసింది.

పెళ్ళిలో సంగతి బంతి మొత్తానికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్ళంతా పలకరించి, తమకు తెలిసిన కామెర్ల చావు ఒకటి చెప్పి పోయారు. పులిహోర ఆయన విస్తరి దాటిపోయింది. గుత్తివంకాయ కూడా దాటిపోతుంటే పాపం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు తట్టింది ఉపాయం. ఆకు పేరు చెబితే గుణం పోతుంది. గుణమే పోయాక పథ్యం దేనికి?

లేచి నిలబడి గట్టిగా అన్నాడు. "అందరు ఇనుండ్రి. మొగిలమ్మ పోసేది వేపాకు పసరు."

మామగారు వెంకటేశ్వర్లు నెత్తి కొట్టుకున్నారు. "ఎంత పని చేస్తివి అల్లుడా. గుణం పాయె. ఇగ మల్ల మందు తాగాలె, పథ్యం మొదటి సంది పట్టాలె."

తిరుగు బస్సులో కళావతి సంచిలోంచి చిన్న గిన్నె తీసింది. లోపల గుత్తివంకాయ, అన్నం.

"తినుండ్రి. మీకు ఏం లేదని మొగిలమ్మకు కండ్లు చూడంగనే ఎరుకైంది. ఆకు పేరు కోసం వచ్చేటోళ్ళకు వేపాకే పోస్తదట. రెండు దినాలు చప్పిడి తింటే ఇంకోళ్ళ మందు జోలికి పోరని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. నేను సరేనన్న."

వెంకట్రాజం ముద్ద నోట్లో పెట్టుకుని, "మరి అసలుది ఏమాకే?" అన్నాడు.

కళావతి గిన్నె మీద మూత పెట్టేసింది.

అప్పటికే కేసముద్రంలో పెళ్ళివారి వాకిట్లోని వేపచెట్టుకు చేతికందేంత ఎత్తులో ఒక్క ఆకు మిగల్లేదు.