నూటికి నూరు మొలిచిన పుప్పొడి

ముందుగా మన్నించాలి. మా ఆయన పోయాక ఊరి ఆడవాళ్ళ రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలివి, తప్పులుంటాయి. రాయడం కూడా నెమ్మదే. పోయిన వానాకాలం మొదలుపెట్టింది ఇప్పటికి పూర్తయింది. అయినా మా జిల్లాని ఏలే బుపాతి విర్యసేనో గారి గొప్పతనం పేపర్లో సగమే వచ్చింది. మిగతా సగం ఎవరో ఒకరు రాయాలి కదా.

"సలాక్ తోటల్లో పోతుచెట్ల కాలం ముగిసింది" అని బుపాతి గారు మా మార్కెట్ దగ్గర మైకులో ప్రకటించారు. మెరాపి కొండ కింద మాకున్న బతుకుతెరువల్లా సలాకే. ఈతచెట్టుకి చుట్టం, ఒళ్ళంతా ముళ్ళు, పండుకి పాముపొలుసుల తొక్క. ఇందులో పోతుచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పోతుపూత తెచ్చి ఆడపూత మీద దులిపితేనే కాయ. ఇన్నాళ్ళూ అలాగే దులుపుకుంటూ వచ్చాం, వెనకబడినవాళ్ళం.

"కాయ కాయదు, నీళ్ళు తాగుతుంది, చోటు తింటుంది. అలాంటి చెట్టుని ఎందుకు మేపాలి?" అన్నారు బుపాతి గారు. వేదిక మీద కూర్చున్న ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న లస్మిరా, మా పక్కతోట ఆవిడ, వాళ్ళని ఒకసారి తేరిపార చూసి, "చెట్లకేనా అక్కా ఈ రూలు?" అంది.

చెట్లకే. ఊళ్ళో పోతుచెట్లన్నీ కొట్టేశారు. కొట్టేముందు వాటి పుప్పొడంతా దులిపి, ఎండబెట్టి, సీసాల్లో పోసి, కొత్తగా కట్టిన పుప్పొడి భవనంలో ఫ్రిజ్జుల్లో దాచారు. ఆడపూత విచ్చినప్పుడు వెళ్ళి ఉచితంగా తెచ్చుకోవచ్చు. మా కోళ్ళగూడు వెనక ఉన్న పోతుచెట్టు ఒక్కటే మిగిలింది. దాని దగ్గరికి పోవాలంటే గూట్లోంచి దూరాలి. కొట్టడానికొచ్చిన వాళ్ళు గూటి వాసన చూసి, ఇటు చెట్టేమీ లేదని రాసుకుపోయారు.

భవనానికి పెద్ద హెంద్రత్మో సార్. మంచివాడు, చదువుకున్నవాడు. దాచిన పుప్పొడి బతికుందో లేదో చూడ్డానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. చక్కెర కలిపిన జెల్లీ జిగురు మీద చిటికెడు చల్లి, కొన్ని గంటలాగి మైక్రోస్కోపులో చూస్తారు. బతికున్న రేణువుకి సన్నటి తోక మొలుస్తుంది. అలా మొలిచింది ఇక చెట్టుకి పనికిరాదు, అందుకే చిటికెడే చల్లేది.

ప్రారంభోత్సవం నాడు బుపాతి గారు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. నూటికి ఎనభై మొలిచిందన్నారు హెంద్రత్మో సార్, కాస్త గర్వంగానే.

"మిగతా ఇరవై ఎవరు? ప్రతిపక్షమా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఫ్రిజ్ తలుపు తీయించారు.

"ఇదంతా ఏమిటి?"

"పుప్పొడే సార్. నిల్వ."

"చిటికెడు పనిచేస్తుంటే ఇంత పుప్పొడి నిద్రపోతోందన్నమాట. ప్రజల కరెంటుతో."

"సార్, మొత్తం మొలిపిస్తే..."

"మొలిపిస్తే?"

హెంద్రత్మో సార్ బుపాతి గారిని చూశారు, ఆయన వెనకున్న కెమెరాలని చూశారు. "మొలుస్తుంది సార్" అన్నారు.

అలా మా జిల్లా చరిత్రకెక్కింది. పెళ్ళి వంటవాళ్ళ దగ్గర బేసిన్లు అద్దెకి తెచ్చారు. జిగురు పొడి బజార్లో దొరకకుండా పోయింది, ఆ వారం మా వీధిలో పిల్లలకి జెల్లీ లేదు. సీసాలన్నీ బేసిన్లలో గుమ్మరించారు. మైక్రోస్కోపు బొమ్మని పెద్ద తెర మీద వేసి, బ్యాండు వాయించి, నిల్వ నూటికి నూరు శాతం మొలకకి వినియోగమైందని ప్రకటించారు. పక్క జిల్లావాళ్ళు వచ్చి కుళ్ళుకుని వెళ్ళారు. వాళ్ళ పోతుచెట్లు ఇంకా తోటల్లోనే ఉన్నాయి పాపం.

ఆడపూత విచ్చింది. అది విచ్చాక ఎక్కువ రోజులాగదు. ఊరు ఊరంతా ఖాళీ సీసాలు పట్టుకుని భవనం ముందు నిలబడింది. లోపల్నించి తలా ఒక ఫొటో ఇచ్చారు, అద్దం కట్టించి. తోకలు చాలా స్పష్టంగా పడ్డాయి.

"దీన్ని పూతకేసి రుద్దమంటారా సార్?" అని అడిగింది లస్మిరా.

ఆ విషయంలో పైనుంచి ఆదేశాలు రాలేదన్నారు హెంద్రత్మో సార్. ఆవిడ ముఖం మాత్రం చూడలేదు.

నేను ఫొటో ఇంట్లో తగిలించి, కోళ్ళగూట్లోంచి దూరి, ఎప్పట్లాగే నాలుగు పోతుపూతలు కోసుకొచ్చి దులుపుకున్నాను. లస్మిరాకి ఇద్దామనుకునేసరికే ఆవిడ చెట్లమీద పూత నల్లబడిపోయింది.

ఆరు నెలలకి ఊళ్ళో కాయ ఉన్న తోట నాదొక్కటే. ఆ కబురు బుపాతి గారిదాకా వెళ్ళింది. కార్లు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. "నూరు శాతం మొలక ఫలితం ఇదీ" అని నా గెలలు పట్టుకుని ఆయన ఫొటో దిగారు. దిగుతూ, కోళ్ళగూడు మీదుగా చూశారు.

"ఆ చెట్టుకి కాయలేదేమమ్మా?"

దాన్ని కొడితే వచ్చే ఏడాది నాకూ ఫొటోయే గతి. ఇంకెవరి తోటలోనూ గింజంత పోతుపూత లేదు.

"అది చెట్టు కాదు సార్" అన్నారు వెనకనుంచి హెంద్రత్మో సార్. "మా భవనం రెండో శాఖ."

బుపాతి గారు చెట్టు చుట్టూ చూశారు. తర్వాత, శాఖ అయితే బోర్డు ఏది, కంచె ఏది, రిబ్బన్ ఏది అని కోప్పడ్డారు. వారంలో అన్నీ వచ్చాయి. రిబ్బన్ కత్తిరించాక నేను పళ్ళెంలో సలాక్ పళ్ళు పెట్టాను. బుపాతి గారు ఒకటి ఒలుచుకుని తిన్నారు, తియ్యగా ఉందన్నారు, చెయ్యి తుడుచుకుంటూ హెంద్రత్మో సార్ వైపు తిరిగారు.

"ఈ శాఖలో మొలక ఎంత?"

"నూటికి నూరు సార్."

"అలా ఉండాలి" అని కారెక్కారు.

ఇప్పుడు కంచెకి తాళం ఉంది. తాళంచెవి జిల్లా ఆఫీసులో భద్రంగా ఉంది. మళ్ళీ పూత కాలం వచ్చింది కాబట్టి ఊరివాళ్ళం కోళ్ళగూట్లోంచే వెళ్ళివస్తున్నాం. నిన్న లస్మిరా, నేనూ మా వంతు కోసం నిలబడ్డాం. మా ముందు ఒకాయన గూట్లోకి దూరలేక అవస్థ పడుతుంటే లస్మిరా వెనకనుంచి ఒక తోపు తోసింది. అవతలికి వెళ్ళాక ఆయన చొక్కా దులుపుకుని ఇటు తిరిగారు. చేతిలో ఖాళీ సీసా. హెంద్రత్మో సార్.

"బుపాతి గారు సోమవారం మళ్ళీ మైక్రోస్కోపులో చూస్తారట అవ్వా" అన్నారు. "ఒక్క చిటికెడు."

— వగీరా, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది కరంగ్‌దువుర్ గ్రామంలో, పుప్పొడి భవనం రెండో శాఖ పక్కన.