చేతులు ఖాళీ లేని డీజే

ఆ జనవరి ఉదయం దుకాణంలో బీట్‌రూట్లు పేరుస్తూ ఎల్వుడ్ స్ప్రేగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏప్రిల్లో, మంచు కరిగి దారులన్నీ బురదయ్యే రోజుల్లో, ఊరి సహకార దుకాణం వాళ్ళు ఏటా జరిపే బురదకాలపు డ్యాన్సులో, పాటలు వేసే పని ఒక్క ఎనిమిది నిమిషాలు యంత్రానికి అప్పగించాలి. ఆ ఎనిమిది నిమిషాల్లో తను బల్ల వెనకనుంచి బయటికొచ్చి, చీజ్ కౌంటర్లో పనిచేసే ఓడెట్ లామరోని డ్యాన్సుకు పిలవాలి. అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఇంతమాత్రం దానికి పథకం ఎందుకని అడగవచ్చు. ఎల్వుడ్ దుకాణంలో కూరగాయల విభాగం చూస్తాడు. పదకొండేళ్ళుగా ఆ డ్యాన్సుకు డీజే కూడా అతనే. డీజే బతుకులో ఉన్న చిక్కే అది. ఊరందరినీ ఆడిస్తాడు గాని తను ఆడడానికి వీల్లేదు. ఒక పాట అయిపోయేలోగా రెండో పాటను దాని దరువుకు కలిపి సిద్ధంగా ఉంచాలి. ఒక చెవికి హెడ్‌ఫోను, రెండు చేతులూ మీటల మీద. ఓడెట్ మొదట పోస్ట్‌మాన్‌తోనూ, తరవాత పశువుల డాక్టరుతోనూ, ఆపైన అగ్నిమాపక దళం వాళ్ళందరితోనూ వరసగా ఆడుతుంటే, వాళ్ళ అడుగు తప్పకుండా చూడడమే పదకొండేళ్ళుగా ఎల్వుడ్ చేస్తున్న పని. యాభై మూడేళ్ళ మనిషికి కూడా కడుపు మండుతుంది.

దుకాణం అప్పటిదాకా వాడుతున్నది చందా కట్టే సాఫ్ట్‌వేర్. పాటల్ని దానంతటదే కలిపి వేసే సదుపాయం అందులో పై తరగతి చందాదారులకు మాత్రమే ఉంది. ఓపెన్ సోర్స్ వాళ్ళు చేసిన డీజే సాఫ్ట్‌వేర్లలో అది అందరికీ ఉంటుందని ఎల్వుడ్ ఎక్కడో చదివాడు. అవి ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి రాతను ఎవరైనా చదివి మార్చుకోవచ్చు. కాని ల్యాప్‌టాప్ దుకాణానిది. ఆ దుకాణంలో ఉప్పు డబ్బా ఒక అరనుంచి ఇంకో అరకు మారాలన్నా సభ్యుల సమావేశంలో తేలవలసిందే.

అసలు కారణం సమావేశంలో చెప్పలేడు. ఎందుకంటే ఓడెట్ కూడా సభ్యురాలే, ఎప్పుడూ రెండో వరసలో కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటుంది. అందువల్ల ఎల్వుడ్ నీతిని పట్టుకున్నాడు. అద్దె సాఫ్ట్‌వేర్ మన పాటల వివరాలు ఎవరికి చేరవేస్తోందో మనకు తెలియదన్నాడు. బాగా నడుస్తున్న పాత కంప్యూటర్లను అది వద్దంటే మనం చెత్తలో పారేస్తున్నామన్నాడు. మాట్లాడేకొద్దీ ఊపొచ్చి, చివర్న బల్ల గుద్ది మరీ చెప్పాడు:

"యంత్రం మనిషి మాట వినాలి గాని, మనిషి బదులు అది నిర్ణయాలు తీసుకోకూడదు."

చప్పట్లు మోగాయి. ఓడెట్ అల్లడం ఆపి తలెత్తి చూసింది. ఎల్వుడ్‌కి ఒళ్ళు తేలిపోయింది. ఆ ఒక్క వాక్యమే తన కొంప ముంచబోతోందని అతనికి అప్పుడు తోచలేదు.

దుకాణం కార్యదర్శి విన్‌ఫ్రెడ్ టటిల్ ఆ వాక్యాన్ని పుస్తకంలో పొల్లు పోకుండా రాసుకుంది. ఆమె డెబ్బై నాలుగేళ్ళ రిటైర్డ్ టీచరు. ఊళ్ళో సగంమందికి నాలుగో తరగతి చెప్పింది, ఆ సగంలో ఎల్వుడ్ ఉన్నాడు. నీతి అంటే నీతిలాగే ఉండాలని ఆమె పట్టుదల. ఎల్వుడ్ కూర్చునేలోగా "నీతిగల సంగీత సంఘం" ఒకటి ఏర్పడింది, దానికి అతనే అధ్యక్షుడయ్యాడు.

సంఘం అయిదుసార్లు కూడి మూడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. మొదటిది చేసినవాడు నాలుగేళ్ళ క్రితమే దాన్ని వదిలేసి మేకలు పెంచుకుంటున్నాడు. రెండోది వాడాలంటే ముందు దాని పద్ధతి నేర్చుకోవాలి, ఆ పద్ధతి రాసిన పుస్తకం ఇంకా రాస్తున్నారు. మూడోది అన్ని విధాలా బాగుంది, కొత్త మార్పులు వస్తున్నాయి, అడిగితే జవాబిచ్చే మనుషులున్నారు. దాన్నే ఖాయం చేశారు. ఎల్వుడ్ మనసులో ఎనిమిది నిమిషాలకు సరిపడే రెండు పాటలు ఎంచుకున్నాడు.

టటిల్ టీచర్ అక్కడితో ఆగితే కథే లేదు. సాఫ్ట్‌వేర్ పాత యంత్రాల్ని కాపాడుతుందన్నారు గనక గ్రంథాలయం పారేయబోతున్న పన్నెండేళ్ళ ల్యాప్‌టాప్ తెచ్చారు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు తీస్తే ఆరిపోతుంది. పాటలు కూడా కళాకారుల అనుమతితోనే వెయ్యాలన్నారు. టీచర్ మూడువందల ఉత్తరాలు రాస్తే నలభై ఒక్కరు సరేనన్నారు. వాళ్ళలో ఉత్తరాన సరిహద్దు దగ్గర ఉండే ముసలి రైతు ఒకడు తన అకార్డియన్ పాటతోపాటు మేపుల్ పాకం సీసా కూడా పంపాడు. ఇక కరెంటు మాత్రం ఎందుకు కొనాలని ఎవరో అడిగారు. డ్యాన్సు జరిగే హాల్లో రెండు సైకిళ్ళు బిగించి, సభ్యులు వంతులవారీగా తొక్కి పుట్టించాలని తేల్చారు.

మార్చి సమావేశంలో అసలు దెబ్బ పడింది. పాటల్ని తనంతట తాను కలిపి వేసే సదుపాయం ఈ సాఫ్ట్‌వేర్లో ఒకటుందనీ, అది మన అధ్యక్షుడు చెప్పిన నీతికి విరుద్ధమనీ టీచర్ అన్నది. పుస్తకం తెరిచి ఎల్వుడ్ వాక్యాన్ని ఎల్వుడ్‌కే చదివి వినిపించింది. యంత్రం తనంతట తాను పాటలు ఎంచుకోకూడదని తీర్మానం పెట్టింది.

ఆ దుకాణంలో ఒక్క సభ్యుడు చెయ్యెత్తి కాదన్నా తీర్మానం ఆగిపోతుంది. కాకపోతే, ఎందుకు కాదంటున్నాడో లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. ఎల్వుడ్ చెయ్యి మోకాలి మీదనుంచి రెండంగుళాలు లేచింది. రెండో వరసలో ఓడెట్ మేజోడు అల్లుకుంటోంది. చెయ్యి మళ్ళీ మోకాలి మీదకు దిగింది. తీర్మానం ఏకగ్రీవం.

డ్యాన్సు నాడు మధ్యాహ్నానికి హాలు గుమ్మం దగ్గర బురద బూట్ల గుట్ట మోకాలెత్తున లేచింది. జనం ఎప్పట్లాగే మేజోళ్ళతో చెక్కనేల మీద జారుతున్నారు. ఎల్వుడ్ బల్ల వెనక నిలబడి, పన్నెండేళ్ళ ల్యాప్‌టాప్‌ని బతిమాలుతూ, ఎప్పటికంటే రెండింతలు పనిలో ఉన్నాడు. ఓడెట్ మీద ఆశ వదులుకోలేదు గాని, ఆశకు చేతులు ఖాళీ కావాలి. కనీసం అకార్డియన్ పాట ఆమె కోసం వేద్దామనుకున్నాడు. చీజ్ కౌంటర్లో ఆమె కూనిరాగం తీసే పాటల జాతే అది.

మూడుంబావుకు ఆ పాట వేశాడు. సరిగ్గా అప్పుడే సైకిలు తొక్కడానికి ఓడెట్ వంతు వచ్చింది. ఆమె సైకిలెక్కి, అతనివైపు చూసి చెయ్యి ఊపింది. ఎల్వుడ్ చెయ్యి ఊపబోయి, ఒక మీటను మూడుసార్లు నొక్కి, ఆ కంగారులోనే తరవాతి పాట ఎక్కించాడు. అకార్డియన్ నాలుగు దరువులు కొట్టి మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అవే నాలుగు. ఏ మీట నొక్కినా అవే నాలుగు.

ఎల్వుడ్ చెమటలు కక్కుతూ యంత్రాన్ని ఆర్పేద్దామని చెయ్యి చాచేసరికి వెనకనుంచి ఎవరో అతని మణికట్టు పట్టుకున్నారు.

"ముట్టుకోకండి," అన్నాడు ఆ మనిషి.

అతని పేరు లైల్ ఆజ్‌బర్న్. నది అవతల న్యూ హాంప్‌షైర్లో ఇళ్ళకు కట్టెల పొయ్యిలు బిగిస్తాడు, సెలవురోజుల్లో ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో ఒకడు. టటిల్ టీచర్ సాఫ్ట్‌వేర్లో పదిహేడు తప్పులు, అక్షరదోషాలతో సహా, వివరిస్తూ అతనికి ఉత్తరం రాసి, వీలుంటే డ్యాన్సుకు రమ్మని ముగించింది. ఈ సాఫ్ట్‌వేర్ రాసినందుకు అతన్ని ఎవరైనా ఎక్కడికైనా పిలవడం అదే మొదలు. బూట్లు కూడా విప్పకుండా బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"ఆరేళ్ళుగా ఈ బగ్ కోసం తిరుగుతున్నానండి. ఎక్కడో ఎవరికో వస్తుంది, నేను చూసేలోపు ఆర్పేస్తారు. ఇది ఆరిపోతే మళ్ళీ దొరకదు. సైకిళ్ళు ఆపొద్దని చెప్పండి."

తన ల్యాప్‌టాప్‌ను తీగతో దానికి తగిలించి, నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఎల్వుడ్‌ని బల్లనుంచి నాలుగడుగులు అవతల నిలబడమన్నాడు. హాల్లో జనం ఇదంతా డీజే చేసిన కొత్త ప్రయోగమనుకున్నారు. ఈసారి ఎల్వుడ్ తెగించాడురా అని పశువుల డాక్టరు మెచ్చుకున్నాడు. డ్యాన్సు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఎల్వుడ్ తన చేతులకేసి చూసుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి అవి ఖాళీగా ఉన్నాయి. ఓడెట్ మాత్రం సైకిలు మీద ఉంది, ఒక్క సైకిలు కరెంటు చాలదు, ఆమె దిగితే యంత్రం ఆరిపోతుంది. ఇంత దూరం తెచ్చి దేవుడు ఇక్కడ మెలిక పెట్టాడేమిట్రా అని అతను అలాగే నిలబడి ఉండగా, టటిల్ టీచర్ ప్యాంటు కాళ్ళు పైకి మడుస్తూ వచ్చింది. ఆమె మంచులో తప్ప ఏ కాలంలోనైనా సైకిలు మీదే తిరుగుతుంది.

"దిగమ్మా ఓడెట్, నేను తొక్కుతాను," అని, ఎల్వుడ్ వైపు తిరిగింది. "నాలుగో తరగతిలోనూ నువ్వింతే అబ్బాయ్. తెలిసిన జవాబుకి కూడా చెయ్యెత్తేవాడివి కాదు."

మెడ దాకా ఎర్రబడి ఎల్వుడ్ వెళ్ళి ఓడెట్ ముందు నిలబడ్డాడు. ఆమె ఇంకా రొప్పుతోంది.

"నాకు డ్యాన్సు రాదు," అన్నాడు. పిలవడానికి వచ్చినవాడు ముందుగా అనవలసిన మాట అది కాదు. "నాలుగు దాకా లెక్కపెట్టడం మాత్రం వచ్చు."

"ఈ పాటకి అంతకంటే ఏం కావాలి? పద," అంది ఓడెట్. రెండు చుట్లు తిరిగాక మళ్ళీ అంది, "పదకొండేళ్ళుగా ఆ బల్ల వెనకే దాక్కున్నావు. నీకు మనుషులకంటే మీటలంటేనే ఇష్టమనుకున్నాను."

ముప్పై అయిదు నిమిషాలు ఆడారు. అవే నాలుగు దరువులు, అవే నాలుగు అడుగులు. అంతసేపూ ఎల్వుడ్ ఒక్కసారి కూడా తప్పలేదు. అతనికి ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది, దాన్ని దాచుకోవాలని కూడా తోచలేదు. అప్పుడు నేల మీదనుంచి లైల్ "దొరికింది" అన్నాడు. పాట ముందుకు కదిలింది. ఎల్వుడ్ వెంటనే ఓడెట్ కాలు తొక్కి, తరవాతి పాట కోసం బల్ల దగ్గరికి పరుగెత్తాడు.

లైల్ రెండు వారాల్లో బగ్ తీసేసి కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. పట్టిచ్చినవాడిగా ఎల్వుడ్ పేరు రాసి కృతజ్ఞతలు చెప్పాడు. ఇక తన చేతులకు మళ్ళీ ఖాళీ దొరకదని, ఆ కృతజ్ఞతలు చదివి ఎల్వుడ్ అన్నం మానేశాడు. మే సమావేశానికి లైల్‌ని కూడా పిలిచారు. సరిదిద్దిన సాఫ్ట్‌వేర్‌ను దుకాణం యంత్రంలో ఎక్కించాలని టటిల్ టీచర్ తీర్మానం చదివి, కాదనేవాళ్ళున్నారా అని మాటవరసకు అడిగింది.

ఎల్వుడ్ చెయ్యి మోకాలి మీదనుంచి లేచింది. ఈసారి రెండంగుళాల దగ్గర ఆగలేదు. నిలబడి కారణం చెప్పమంది టీచర్. నిలబడ్డాడు. జనవరిలో చెప్పిన నీతులన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చి వెళ్ళిపోయాయి.

"ఓడెట్‌తో మళ్ళీ డ్యాన్సు చెయ్యాలి," అన్నాడు. "జనవరిలోనూ కారణం అదే. నీతి తరవాత కలుపుకున్నాను."

రెండో వరసలో ఓడెట్ అల్లుతున్న మేజోడు ఒళ్ళో పెట్టుకుని చెయ్యెత్తింది. తను కూడా పాతదానికే అంది. అందరూ లైల్ వైపు చూశారు. ఆరేళ్ళు వెతికి పట్టుకున్న బగ్‌ను ఉంచుకుంటామంటే పాపం అతను బిక్కమొహం వేశాడు. చివరికి, ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గనక పాతదే వాడుకుంటామంటే ఆపే హక్కు తనతో సహా ఎవరికీ లేదని ఒప్పుకున్నాడు. మూడుసార్లు నొక్కవలసిన మీట ఏదో కాగితం మీద రాసి ఎల్వుడ్‌కి ఇచ్చాడు కూడా.

నీతి విషయంలో మాత్రం టటిల్ టీచర్ ఒకంతట వదలదు గనక, పుస్తకం వెనక్కి తిప్పి మార్చి నెల తీర్మానాన్ని రెండుసార్లు చదువుకుంది. యంత్రం తనంతట తాను పాటలు ఎంచుకోకూడదని మాత్రమే ఉందనీ, ఒకే పాట దగ్గర ఆగిపోకూడదని అందులో ఎక్కడా లేదనీ రాసుకుని పుస్తకం మూసింది.